నల్లగొండ టు పాలమూరు ఎన్ని కిలోమీటర్లు: దూరం చెప్పే సైట్ల మీద నా రివ్యూ

ముందే చెప్తున్న, నా రేటింగ్ ఐదుకి రెండు. లెక్క తప్పు అని కాదు, లెక్క కరెక్టే, నేను కాగితం మీద వేసి చూసుకున్న. ఆ లెక్కని మామూలు మనిషికి చూపించే తీరే బాగలేదు, దానివల్ల మా దిక్కు జనం బండి మాట్లాడుకునేటప్పుడు, టైమ్ అనుకునేటప్పుడు దెబ్బతింటున్నరు. అందుకే ఇంత పొడుగు రాస్తున్న, ఓపిక ఉన్నోళ్లు చదవండి.

నేను చెప్తున్నది రెండు ఊర్ల పేర్లు కొడితే మధ్యల దూరం ఎంతో చెప్పే సైట్ల గురించి. ఇవి బోలెడు ఉన్నయి, అన్నీ దాదాపు ఒకే తీరు. పైన రెండు డబ్బాలు, ఎక్కడి నుంచి, ఎక్కడికి. బటన్ నొక్కితే పెద్ద అక్షరాల్లో ఒక నంబర్ వస్తది. దాని కింద అదే దూరం మైళ్లలో, నాటికల్ మైళ్లలో, ఆ కింద విమానంలో ఎంతసేపు పడతదో, ఇంకా కిందికి పోతే అడ్వర్టయిజ్‌మెంట్లు అన్నీ దాటినంక చిన్న అక్షరాల్లో రోడ్డు దూరం. కొన్ని సైట్లలో ఆ రోడ్డు దూరం కూడా ఉండదు. మా అక్కని పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కి ఇచ్చినం, మేం ఉండేది నల్లగొండ, కాబట్టి ఈ రూట్ నాకు బాగా తెలుసు, అందుకే ఈ రెండు ఊర్లే పెట్టి చూసిన.

నల్లగొండ, మహబూబ్‌నగర్ అని కొడితే పైన వచ్చే పెద్ద నంబర్ 140 కిలోమీటర్లు. ఒకదాంట్ల 139, ఇంకోదాంట్ల 141 కూడా రావచ్చు, అది వాళ్లు ఊరికి ఏ పాయింట్ పట్టుకున్నరో దాన్నిబట్టి ఉంటది. మైళ్లలో 87, నాటికల్ మైళ్లలో 76. ఇది ఎయిర్ డిస్టెన్స్, అంటే గీత గీసినట్టు తిన్నగా పోతే వచ్చే దూరం. రోడ్డు మీద పోతే ఇది ఎప్పుడూ రాదు, గడియారం సెంటర్ నుంచి బయల్దేరి దేవరకొండ దిక్కు నుంచి పోతే అటూ ఇటూగా 170 అయితది. ముప్పై కిలోమీటర్ల తేడా, రానుపోను అరవై. అరవై అంటే దగ్గరదగ్గర నల్లగొండ నుంచి దేవరకొండకి పోయినంత.

ఈ 140 ఎట్ల వచ్చిందో చెప్తే సైట్ల మీద నాకెందుకు కోపమో అర్థమైతది. నల్లగొండ అక్షాంశం 17.05 డిగ్రీలు, రేఖాంశం 79.27. మహబూబ్‌నగర్ అక్షాంశం 16.74, రేఖాంశం 77.99. ఉత్తర దక్షిణాల తేడా 0.31 డిగ్రీ, డిగ్రీకి 111 కిలోమీటర్లు వేసుకుంటే 34 కిలోమీటర్ల చిల్లర. తూర్పు పడమరల తేడా 1.28 డిగ్రీలు, మన అక్షాంశం దగ్గర రేఖాంశం డిగ్రీ కొంచెం కుదించుకపోయి 106 కిలోమీటర్ల చిల్లర ఉంటది, కాబట్టి 136. ఈ రెండింటినీ స్కూల్లో చెప్పిన లంబకోణ త్రిభుజం సూత్రంలో వేస్తే 140 వస్తది. సైట్లు భూమి గుండ్రంగ ఉన్నదానికి తగ్గ సూత్రం వాడతయి, భూమి వ్యాసార్థం 6371 కిలోమీటర్లు అని పెట్టుకుని. ఇంత చిన్న దూరానికి మాత్రం రెండు పద్ధతుల్లో ఒకటే ఆన్సర్ వస్తది. అంటే ఆ సైటుకి రోడ్డు గురించి ఏమీ తెల్వదు. దేవరకొండ గుట్టలు తెల్వదు, డిండి వాగు తెల్వదు, కల్వకుర్తి ట్రాఫిక్ తెల్వదు. నాలుగు అంకెలు తెలుసు, అంతే. నాలుగు అంకెల లెక్కని పేజీ నెత్తి మీద పెట్టి, మనిషికి అసలు కావాల్సిన లెక్కని అడుగున దాచిపెడుతున్నరు.

ఆ గీత ఏ ఊర్ల మీది నుంచి పోతదో మ్యాప్‌లో గీసి చూసిన, చూస్తుంటే మంచిగనిపించింది. నల్లగొండ నుంచి పడమర దిక్కు కొంచెం కిందికి వంగి చండూరు దగ్గర నుంచి, మర్రిగూడ దిక్కుగా, ఆమనగల్లుకి ఆనుకుని, సరిగ్గా జడ్చర్ల మీదుగా పోయి పాలమూరులో దిగుతది. ఈ దారిలో రోడ్లు లేవని కాదు. మర్రిగూడ, మాల్, మాడ్గుల దిక్కు ఊర్ల మీది నుంచి రోడ్లు ఉన్నయి, కానీ అవి ఊరి నుంచి ఊరికి పోయే రోడ్లు, ప్రతి ఊర్లో నాలుగు స్పీడ్ బ్రేకర్లు, బర్ల మందలు, వరి కోతలప్పుడైతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టి ఉంటయి. రాత్రి పూట ఆ రాళ్లు కనపడక బండ్లు పడ్డ సంగతులు మా దిక్కు అందరికీ తెలిసినవే. కిలోమీటర్లు తగ్గుతయి కదా అని మ్యాప్ అటు తిప్పితే దయచేసి పోకండి, ముఖ్యంగా చీకటి పడ్డంక.

అసలు రోడ్డు ఇట్ల ఉంటది. నల్లగొండ నుంచి కనగల్, గుర్రంపోడు మీదుగా కొండమల్లేపల్లి. ఇక్కడిదాకా దారి దక్షిణానికి దిగుతది, పాలమూరేమో పడమరకి ఉన్నది, కాబట్టి దూరం పెరిగేది మొదట ఇక్కడనే. మల్లేపల్లిలో హైదరాబాద్ సాగర్ రోడ్డు దాటి 167 నంబర్ నేషనల్ హైవే పట్టుకోవాలె. ఇది కోదాడ నుంచి హుజూర్‌నగర్, మిర్యాలగూడ, హాలియా మీదుగా వచ్చి, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్, మక్తల్ దాటి రాయచూరు దిక్కు పోయే రోడ్డు. దేవరకొండ దాటినంక చారకొండ, తర్వాత కల్వకుర్తి, ఆ తర్వాత మిడ్జిల్, జడ్చర్ల. జడ్చర్లలో 44 నంబర్ హైవే అడ్డం వస్తది, అది దాటితే ఇంకో పదిహేను పదహారు కిలోమీటర్లలో పాలమూరు. కార్లో మూడున్నర నుంచి నాలుగు గంటలు వేసుకోండి. పత్తి సీజన్లో జడ్చర్ల బాదేపల్లి మార్కెట్‌కి పోయే ట్రాక్టర్లు, బొలేరోలు రోడ్డు నిండా ఉంటయి, వాటిని ఓవర్‌టేక్ చెయ్యాల్నంటే డబుల్ రోడ్డు మీద ఎదురొచ్చే లారీని చూసుకోవాలె, అప్పుడు నాలుగు దాటుతది.

ఇంకో విషయం, పాత లెక్కల్లో నల్లగొండ జిల్లా, మహబూబ్‌నగర్ జిల్లా పక్కపక్క జిల్లాలు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినంక మధ్యల నాగర్‌కర్నూల్ జిల్లా వచ్చింది, చారకొండ, కల్వకుర్తి అందులోవే. మరి కొన్ని సైట్లలో మీరు ఊరి పేరు బదులు జిల్లా పేరు సెలెక్ట్ చేస్తే అది జిల్లా నడిమధ్య పాయింట్ పట్టుకుంటది, అది కూడా పాత జిల్లా మ్యాప్ ప్రకారం పట్టుకునేవి ఉన్నయి. సూర్యాపేట, భువనగిరి అన్నీ కలిసి ఉన్న పాత నల్లగొండ నడిమధ్య వేరు, ఇప్పటి జిల్లా నడిమధ్య వేరు, నల్లగొండ టౌన్ వేరు. దాంతోని దూరం పది ఇరవై కిలోమీటర్లు అటూఇటూ అయితది, ఎందుకు మారిందో ఆ పేజీలో ఎక్కడా రాసి ఉండదు. ఏ పాయింట్ నుంచి ఏ పాయింట్‌కి కొలిచిండ్రో ఒక్క లైన్ రాస్తే పోయేదానికి.

పేర్ల గోల ఇంకా పెద్దది. నేను వాడిన సైట్లలో ఒకదాంట్ల మహబూ అని కొట్టంగనే లిస్టులో పైన మహబూబాబాద్ వస్తది. తొందరలో ఉన్నోళ్లు అదే నొక్కుతరు, సగం పేరు ఒకటే కదా. నల్లగొండ నుంచి మహబూబాబాద్‌కి తిన్నగా కొలిస్తే 99 కిలోమీటర్ల దగ్గర వస్తది, కానీ అది ఈశాన్యంలో ఉన్నది, పాలమూరుకి పూర్తిగా ఎదురు దిక్కు. నంబర్ కూడా నమ్మేటట్టే ఉంటది, వంద కిలోమీటర్లే కదా అనుకుంటరు, అదీ ప్రమాదం. పాలమూరు అని కొడితే అయితే ఏమీ రాదు. ఇంత పేరున్న ఊరు, యూనివర్సిటీకి ఆ పేరే, జనం నోట్ల ఆ పేరే, లిస్టులో మాత్రం లేదు. నల్లగొండ, నల్గొండ రెండు తీర్ల స్పెల్లింగ్ ఉన్నదానికి కూడా ఒక స్పెల్లింగే తీసుకుంటది. జిల్లా పేరు పక్కన పెట్టి చూపిస్తే ఈ తిప్పలు ఉండవు, అది కూడా చెయ్యలే.

ఇప్పుడు నాకు నిజంగా బాధైన విషయం. ఈ మధ్య మా అక్కకి ఒడిబియ్యం పోయడానికి ఇంటిల్లిపాది పోవాల్నని తుఫాన్ బండి మాట్లాడినం. మా పెద్దనాయన ఫోన్‌లో ఆ సైట్ ఓపెన్ చేసి 140 చూసిండు, రానుపోను 280 అని పట్టుకున్నడు. బండి ఓనర్ ఏమో అన్నా 350 దగ్గర అయితది, నేను నెలకోసారి పోతుంట అంటున్నడు. పెద్దనాయనకి ఫోన్‌లో కనపడ్డదే నిజం, ఓనర్ ఎక్కువ చెప్తున్నడని అనుమానం. మాట మాట పెరిగి ఓనర్ మనసు నొచ్చుకుని బండి వద్దులే అన్నా ఇంకెవరినన్నా చూసుకోండి అన్నడు. చివరికి నేను మ్యాప్‌లో రోడ్డు దారి తీసి, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల ఒక్కో ముక్క కలిపి చూపిస్తే పెద్దనాయన ఒప్పుకున్నడు, ఓనర్‌ని మళ్ల పిలిచి మాట్లాడినం. ఆ ఓనర్ చెప్పింది న్యాయమే. ఆయన లెక్క బండి షెడ్డులకెళ్లి తీసిన కాడి నుంచి మళ్ల షెడ్డుకి పోయేదాకా ఉంటది, మనల్ని ఎక్కించుకోవడానికి ఇంటికి వచ్చేది, అక్కడ ఊర్లో తిరిగేది అన్నీ అందులోనే. కష్టం చేసుకునే మనిషిని అబద్ధం ఆడుతున్నడని అనుకునేటట్టు చేసింది ఆ పేజీ పైన ఉన్న ఒక్క నంబర్. సైట్ పెట్టినోళ్లకి ఇది చిన్న విషయమే కావచ్చు, పెళ్లికో ఫంక్షన్‌కో బండి మాట్లాడుకునే ఇండ్లల్లో ఇది చిన్న విషయం కాదు.

విమానం టైమ్ గురించి కూడా చెప్పాలె. 140 కిలోమీటర్లకి 10 నిమిషాలు అని చూపిస్తది. అంటే జెట్ విమానం స్పీడ్ గంటకి 850 దాకా పెట్టుకుని భాగించిండ్రు, అంతే. విమానం పైకి లేవాలె, ఎత్తుకి పోవాలె, దిగాలె, ఆ టైమ్ ఏదీ కలపలే. అసలు సంగతి ఏందంటే నల్లగొండలో ఎయిర్‌పోర్ట్ లేదు, పాలమూరులో ఎయిర్‌పోర్ట్ లేదు. మహబూబ్‌నగర్ జిల్లాలో గుడిబండ దగ్గర కడతమని ప్రతిపాదన ఉన్నది, ప్రతిపాదన మాట వేరు, టికెట్ మాట వేరు. మన రెండు ఊర్లకీ విమానం అంటే 2008లో మొదలైన శంషాబాద్ ఎయిర్‌పోర్టే. తిన్నగా కొలిస్తే శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పాలమూరుకి 73 కిలోమీటర్లు, నల్లగొండకి 92 దగ్గర వస్తది. రోడ్డు మీద నల్లగొండ నుంచి వంద దాటుతది. ఊరు పక్కన ఎయిర్‌పోర్ట్ ఏది, దానికి రోడ్డు మీద ఎంత, ఇది చూపిస్తే దుబాయ్ పోయే పిల్లలకి, అమెరికా నుంచి వచ్చేటోళ్లకి పనికొస్తది. లేని విమానం 10 నిమిషాల్లో దింపుతదని రాస్తే ఎవరికీ పనికిరాదు.

హైదరాబాద్ మీది నుంచి పోయే దారిని ఈ సైట్లు అస్సలు చూపియ్యవు, నిజానికి సొంత కారు ఉన్నోళ్లు చాలామంది పోయేది అదే. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, అక్కడ 65 నంబర్ హైవే ఎక్కి చిట్యాల, చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దగ్గర దిగి షాద్‌నగర్, జడ్చర్ల, పాలమూరు. మొత్తం 158 కిలోమీటర్ల ఔటర్‌లో మనం వాడేది ఓ నలభై కిలోమీటర్ల ముక్క. ఇట్ల పోతే దూరం 200 దగ్గర అయితది, దేవరకొండ దారి కంటే ముప్పై ఎక్కువ, కానీ టైమ్ దాదాపు అంతే, ఒక్కోసారి తక్కువ కూడా, ఎందుకంటే దారి పొడుగునా నాలుగు లైన్ల రోడ్డు, ఔటర్ మీద ఎనిమిది లైన్లు. పంతంగి టోల్, ఔటర్ టోల్, రాయికల్ టోల్ కట్టాలె, డీజిల్ ఎక్కువ తాగుతది, అది వేరే లెక్క. ముసలోళ్లు, చిన్నపిల్లలు ఉంటే నేను ఇదే చెప్త, కుదుపులు ఉండవు, మధ్యల ఆగి టీ తాగడానికి, బాత్రూమ్‌కి చోటు దొరుకుతది. ఒక్కరే పోతే, పగటి పూట అయితే దేవరకొండ దారి. సంక్రాంతికి మాత్రం పంతంగి దగ్గర బండ్లు ఎట్ల ఆగిపోతయో అందరికీ తెలుసు, ఆ నాలుగు రోజులు అటు వద్దే వద్దు. దూరం ఎక్కువున్నా టైమ్ తక్కువ పట్టే దారి ఉంటదని ఒక్క నంబర్ చూపించే సైట్ ఎట్ల చెప్పగలుగుతది.

రైలు సంగతి తొందరగా చెప్పేస్త. డైరెక్ట్ లైన్ లేదు. నల్లగొండ ఉన్నది బీబీనగర్ గుంటూరు లైన్ మీద, పాలమూరు ఉన్నది సికింద్రాబాద్ నుంచి కర్నూలు పోయే లైన్ మీద, రెండూ హైదరాబాద్‌లోనే కలుస్తయి. రెండు ఊర్లల్లోనూ వందే భారత్ ఆగుతది, నల్లగొండలో తిరుపతిది, పాలమూరులో కాచిగూడ యశ్వంత్‌పూర్‌ది, కానీ అది ఎక్కి ఇది ఎక్కాల్నంటే మధ్యల సికింద్రాబాద్ నుంచి కాచిగూడకి ఆటో పట్టుకోవాలె. రైలు దూరం ఎట్ల చూసినా 200 దాటుతది. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్, అచ్చంపేట, దేవరకొండ మీదుగా మాచర్లకి లైన్ కావాల్నని ఎన్నో ఏండ్ల నుంచి అడుగుతున్నరు, అది పడితే మా దక్షిణ తెలంగాణ దూరాలన్నీ మారిపోతయి, మనస్ఫూర్తిగా కోరుకుంటున్న.

బస్సుల విషయంలో సైట్లు మరీ అన్యాయం. మా దిక్కు ఎక్కువ మంది పోయేది ఆర్టీసీలోనే, 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి స్కీమ్ కింద ఆడోళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల ఫ్రీ అయినంక మా అమ్మ, చిన్నమ్మలు అక్క ఇంటికి బస్సులోనే పోతున్నరు. డైరెక్ట్ బస్సు టైమ్ కుదరకపోతే దేవరకొండలో ఒకసారి, కల్వకుర్తిలో ఒకసారి మారాలె, బస్టాండ్‌లో కూర్చునే టైమ్ కలిపితే పొద్దున బయల్దేరినోళ్లు మధ్యాహ్నం అన్నానికి చేరుకుంటరు. 140 కిలోమీటర్లు, రెండున్నర గంటల్లో పోవచ్చు అని సైట్ చూసి చెప్తే వాళ్లు టిఫిన్ కట్టుకోకుండా బయల్దేరుతరు. షుగర్ ఉన్న మనిషికి అది ఎంత ఇబ్బందో ఇంట్లో ఉన్నోళ్లకి తెలుస్తది. దూరం అంటే కిలోమీటర్లే కాదు, ఎక్కడ దిగాలె, ఎంతసేపు ఆగాలె, అన్నం టైమ్‌కి ఎక్కడ ఉంటం, ఇవన్నీ.

మీకు ఇంకా నమ్మకం కుదరకపోతే సోమశిల ఉదాహరణ చూడండి. కొల్లాపూర్ దగ్గర సోమశిలలో నిలబడితే కృష్ణ అవతలి ఒడ్డు కంటికి కనపడుతది. సైట్‌లో కొల్లాపూర్, అవతల నంద్యాల జిల్లా ఆత్మకూరు కొడితే నలభై కిలోమీటర్ల లోపే వస్తది. బండి మీద పోవాల్నంటే మాత్రం మధ్యల వంతెన లేదు, కర్నూలు చుట్టి పోవాలె, నలభై ఎక్కడ, ఆ తిరుగుడు ఎక్కడ. అక్కడ వంతెనకి, కల్వకుర్తి నుంచి నంద్యాల దిక్కు పోయే 167కె హైవేకి 2022లో కేంద్రం ఓకే చెప్పింది, అది అయినంక ఈ మాట మారుతది. అప్పటిదాకా ఆ సైట్ చెప్పే నంబర్ ఒడ్డు మీద నిలబడి చూసేటందుకే. శ్రీశైలం పోయేటోళ్లకి ఇంకో జాగ్రత్త, మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి బండ్లు పోనియ్యరు, పులుల అడవి అది. రాత్రి 8 గంటలకి పాలమూరులో కూర్చుని దూరం చూసుకుని బయల్దేరితే గేట్ దగ్గర తెల్లారేదాకా కారులోనే కూర్చోవాల్సి వస్తది. ఏ దూరం సైట్ కూడా ఈ ముక్క చెప్పదు.

మరి రెండు స్టార్లు ఎందుకు ఇచ్చిన అంటే ఎయిర్ డిస్టెన్స్ పనికిరానిది కాదు కాబట్టి. భూకంపం వచ్చినప్పుడు మన ఊరికి ఎంత దూరంలో వచ్చిందో కొలిచేది ఇట్లనే. సెల్ టవర్ నుంచి టవర్‌కి సిగ్నల్ పంపే డిష్‌లు పెట్టేటోళ్లకి, డ్రోన్ ఎగరేసేటోళ్లకి, పిడుగుల వాన ఎంత దూరంలో ఉన్నదో చూసేటోళ్లకి తిన్నని దూరమే కావాలె. పిల్లలకి భూగోళం పాఠం చెప్పేటప్పుడు కూడా మంచిగ ఉంటది, మా మేనల్లుడికి అక్షాంశాలు ఇట్లనే నేర్పిన, తన ఊరు, అమ్మమ్మ ఊరు పెట్టి లెక్క చెయ్యమంటే ఇంట్రెస్ట్‌గా చేసిండు. పేజీ కూడా తొందరగా ఓపెన్ అయితది, లాగిన్ అడగదు, ఫోన్ నంబర్ అడగదు. ఇవి మంచి గుణాలే, కాదనను.

మ్యాప్ యాప్‌ల సంగతి వేరు, అవి నయం. గూగుల్ మ్యాప్స్‌లో డైరెక్షన్స్ కొడితే రెండు మూడు దార్లు, ఒక్కోదానికి కిలోమీటర్లు, టైమ్ పక్కపక్కన చూపిస్తది, టోల్ ఉన్న దారి ఏదో కూడా చెప్తది. తిన్నని దూరమే కావాల్నంటే మ్యాప్ మీద ఒక చోట వేలు నొక్కి పట్టుకుని దూరం కొలిచే ఆప్షన్ తీసుకుంటే అదీ వస్తది. వాటిని కూడా గుడ్డిగ నమ్మొద్దు, ఊర్ల రోడ్డుని హైవే లెక్క చూపిస్తయి, వడ్లు ఆరబోసిన సంగతి వాటికీ తెల్వదు. దేవరకొండ దారిలో మ్యాప్ చెప్పిన టైమ్‌కి నేనైతే అరగంట కలుపుకుంట, వానకాలం ముప్పావు గంట.

చేతిలో తిన్నని దూరం ఒక్కటే ఉంటే మా దిక్కుకి పనికొచ్చే లెక్క ఒకటి చెప్త. హైవే తిన్నగ ఉన్న చోట ఆ నంబర్‌కి పదో వంతు కంటే కొంచెం ఎక్కువ కలుపుకోండి, నల్లగొండ హైదరాబాద్ తిన్నగ 91, రోడ్డు మీద వంద దాటుతది. అడ్డదారి, జిల్లాలు దాటే దారి అయితే ఐదో వంతు కలుపుకోండి, పాలమూరు లెక్క అట్లనే వస్తది, 140కి 28 కలిపితే 168. కృష్ణ దాటాల్సి ఉన్నా, నల్లమల దాటాల్సి ఉన్నా ఈ లెక్క పనిచెయ్యదు, రోడ్డు చూసుకోవాల్సిందే. సర్కారు ఉద్యోగాల కోసం జిల్లాలని కలిపి చేసిన మల్టీజోన్ రెండులో ఇటు నల్లగొండ అటు పాలమూరు ఎక్కడికైనా పోస్టింగ్ పడే ఉద్యోగం చేసేటోళ్లు, ముఖ్యంగా కొత్తగా జాబ్ వచ్చి ఆప్షన్లు పెట్టుకునే పిల్లలు, శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి సోమవారం పొద్దున పోవచ్చా అని చూసుకునేది ఈ సైట్లలోనే. 140 అనుకుని ఆప్షన్ పెట్టుకోకండి, 170 అని, బస్సులో అయితే సగం రోజు అని లెక్క పెట్టుకుని ఆలోచించుకోండి.

సైట్ నడిపేటోళ్లు ఎవరన్నా ఇది చూస్తే నేను అడిగేది ఎక్కువేం కాదు. రోడ్డు దూరం పైన పెట్టండి, పెద్ద అక్షరాల్లో. ఎయిర్ డిస్టెన్స్ కింద పెట్టి, ఇది తిన్నగ గీసిన గీత పొడవు, దీని మీద ప్రయాణం చెయ్యలేరు అని తెలుగులో ఒక వాక్యం రాయండి. ఎయిర్‌పోర్ట్ లేని ఊర్లకి విమానం టైమ్ తీసెయ్యండి. ఊరి పేరు పక్కన జిల్లా పేరు పెట్టండి, పాలమూరు అని కొడితే మహబూబ్‌నగర్ వచ్చేటట్టు చెయ్యండి. ఇవి చేస్తే రేటింగ్ నాలుగుకి మారుస్త. చదివినోళ్లల్లో ఎవరికన్నా నల్లగొండ నుంచి పాలమూరుకి పొద్దున పూట పోయే డైరెక్ట్ బస్సు టైమ్ కరెక్ట్‌గ తెలిస్తే కింద రాయండి, మా చిన్నమ్మ వచ్చే వారం పోతున్నది.